పొద్దున ఎక్కని మోటారు: ఫ్లక్స్ అవశేషాలు, మంచు, మా ఛాంబర్

"పొద్దున్నే మోటారు ఎక్కట్లేదు సార్. ఎండ ముదిరాక అదే తిరుగుతుంది." బాపట్ల వైపు ఒక రైతు సర్వీస్ టెక్నీషియన్‌తో చెప్పిన మాట ఇది. కంప్లైంటు రిజిస్టర్‌లోకి ఎక్కేసరికి అది "ఓవర్ వోల్టేజ్ ట్రిప్" అనే మూడు ముక్కలైంది. పొద్దున్నే అన్న మాట పోయింది. ఆ ఒక్క మాట రాసుకొని ఉంటే మాకు రెండు నెలల పని తప్పేది.

వస్తువు సోలార్ పంపు కంట్రోలర్. పొలంలో స్టాండుకు బిగించిన రేకు పెట్టె, అందులో ఒక పవర్ బోర్డు. ప్యానెళ్ల నుంచి వచ్చే సుమారు 600 వోల్టుల డీసీని కొలవడానికి బోర్డు మీద ఒక డివైడర్ ఉంటుంది. ఒక్కోటి 1 మెగాఓమ్ ఉన్న నాలుగు చిప్ రెసిస్టర్లు వరసగా, చివర ఒక చిన్న రెసిస్టర్. చివరి రెసిస్టర్ మీద వచ్చే వోల్టేజీని చూసి ప్రాసెసర్ మొత్తం వోల్టేజీని లెక్క కడుతుంది. లెక్క పరిమితి దాటితే పంపును ఆపేస్తుంది.

తయారీ సంస్థ నుంచి హైదరాబాద్‌లో మా రిలయబిలిటీ ల్యాబ్‌కు మొదటి విడతలో పదకొండు బోర్డులు వచ్చాయి. అప్పుడు ఏప్రిల్. బయట గాలిలో తేమ మధ్యాహ్నం 30 శాతం కూడా లేదు. పదకొండూ చక్కగా పనిచేశాయి. వోల్టేజ్ రీడింగ్ సరిగ్గా ఉంది, ఇన్సులేషన్ సరిగ్గా ఉంది. "లోపం కనబడలేదు" అని రాసి పంపేశాం. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ముద్ర అది. నాకు మాత్రం అది కొట్టిన ప్రతిసారీ టెన్షనే. రైతు పొలంలో ఆగిన మోటారు అబద్ధం కాదు కదా. కోస్తాలో చెడిపోయిన బోర్డు హైదరాబాద్‌లో బాగుపడిందంటే, మధ్యలో మారింది బోర్డు కాదు, గాలి.

రెండో విడతలో ఇంకో తప్పు జరిగింది. రిటర్న్ సెక్షన్‌లో ఒకరు బోర్డులు మురికిగా ఉన్నాయని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో కడిగి, బ్రష్ కొట్టి, శుభ్రంగా పంపారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. కానీ మేం వెతుకుతున్న సాక్ష్యం ఆ గుడ్డకు అంటుకొని చెత్తబుట్టలోకి పోయింది. అప్పటి నుంచి మా దగ్గర నియమం ఒకటే: ఫీల్డ్ నుంచి వచ్చిన బోర్డును కొలవకముందు తుడవకూడదు, కడగకూడదు, ఊదకూడదు.

మొదట పట్టుకున్న తప్పు దారి

డిజైన్ టీమ్ ఒక వాదన తెచ్చింది. సిలికాన్ ప్యానెల్ చల్లబడే కొద్దీ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (లోడ్ లేనప్పటి వోల్టేజ్) పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం. చలికాలం పొద్దున ప్యానెల్ చల్లగా ఉంటుంది, పంపు ఇంకా లోడ్ తీసుకోలేదు, కాబట్టి వోల్టేజ్ నిజంగానే ఎక్కువై ఉంటుంది అన్నారు. భౌతికశాస్త్రం ప్రకారం సరైన మాటే. ట్రిప్ పరిమితిని కాస్త పెంచితే సరిపోతుందని సాఫ్ట్‌వేర్ కూడా సిద్ధం చేశారు.

దాన్ని ఆపింది ఒక టెక్నీషియన్ మల్టీమీటర్. అతను పొద్దున ఏడుకు ముందే వెళ్లి, డిస్‌ప్లే మీద అంకెనూ టెర్మినల్ దగ్గర అసలు వోల్టేజీనీ పక్కపక్కన రాసుకొచ్చాడు. డిస్‌ప్లేలో 665, మీటరులో 610. ప్యానెల్ వోల్టేజ్ పెరగలేదు, బోర్డు ఎక్కువగా చదువుతోంది. తేడా 9 శాతం.

లెక్క వేశాం. ఒక్కోటి 1 మెగాఓమ్ ఉన్న ఆ నాలుగు రెసిస్టర్లలో ఒకదాని పక్కన 2 మెగాఓమ్‌ల దొంగదారి పడితే, ఆ రెసిస్టర్ విలువ 0.67 మెగాఓమ్‌కు పడిపోతుంది. మొత్తం 4 నుంచి 3.67కు దిగుతుంది. రీడింగ్ సరిగ్గా 9 శాతం పెరుగుతుంది. అంటే ఏదో ఒక రెసిస్టర్ రెండు ప్యాడ్ల మధ్య పొద్దున పూట కరెంటు పారుతోంది, ఎండెక్కాక ఆగిపోతోంది.

2 మెగాఓమ్‌లు అనేది మామూలు తేమతో వచ్చే అంకె కాదు. టంకం అంటుకోవడానికి ముందు బోర్డుకు రాసే రసాయనం ఫ్లక్స్. దాని పరీక్షల్లో వాడే ఐపీసీ-బీ-24 కూపన్ (పరీక్ష కోసం చేసిన చిన్న బోర్డు ముక్క) మీద దువ్వెన పళ్లలా అల్లుకున్న ట్రాకులు ఉంటాయి. ట్రాకుల మధ్య ఖాళీ 0.5 మి.మీ.. ఆ ఖాళీనంతా కలిపి లెక్కేస్తే సుమారు వెయ్యి చదరాలు పక్కపక్కన పేర్చినట్టు. అన్ని చదరాల నుంచి కలిపి లీకైనా నిరోధం 100 మెగాఓమ్‌లకు తగ్గకూడదన్నది పాస్ గీత. మా రెసిస్టర్ ప్యాడ్ల మధ్య ఉన్నది మహా అయితే ఒకటి రెండు చదరాలు. అంత చిన్న చోట 2 మెగాఓమ్‌లంటే అక్కడ గాలిలో తేమ కాదు, నీళ్లే ఉన్నాయి. ఆ నీళ్లలో అయాన్లు ఉన్నాయి.

ప్యాలెట్ కింద

కడగని మూడో విడత బోర్డులను మైక్రోస్కోప్ కింద పెట్టాం. పెద్ద కనెక్టరు కాళ్లను వేవ్ సోల్డరింగ్‌లో, అంటే కరిగిన టంకం అల మీదుగా బోర్డును పంపి, అతుకుతారు. కింది వైపున్న చిప్ భాగాలను వేవ్ తాకకుండా, బోర్డును మోసే పళ్లెంలో (ప్యాలెట్) గుంటలు చేసి కప్పుతారు. డివైడర్ రెసిస్టర్లు ఆ కనెక్టరుకు ఆనుకొనే, ప్యాలెట్ గోడకు ఇవతల ఉన్నాయి. కొత్త ప్యాలెట్ అయితే గోడ అంచు బోర్డుకు గట్టిగా అంటుతుంది. వేల సార్లు వేడెక్కి చల్లారిన ప్యాలెట్ అంచు అరిగిపోతుంది. ఆ సందులోంచి స్ప్రే ఫ్లక్స్ లోపలికి పాకింది. లోపల వేవ్ వేడి లేదు, వేవ్‌కు ముందు ఇచ్చే ప్రీహీట్ కూడా సగమే తగిలింది. రెసిస్టర్ల చుట్టూ లేత తెల్లటి, కాస్త జిగటైన మరక ఉంది. పక్క నుంచి లైటు వేస్తే తప్ప కనబడదు.

ఇక్కడ నో-క్లీన్ అనే పేరు గురించి ఒక మాట చెప్పాలి. కడగనక్కర్లేని ఫ్లక్స్ అంటే ఏ స్థితిలోనైనా వదిలేయవచ్చని కాదు. అందులో ఆక్సైడును తొలగించేవి అడిపిక్, గ్లుటారిక్, సక్సినిక్ లాంటి బలహీన సేంద్రియ ఆమ్లాలు. వేవ్ వేడికి వాటిలో చాలా భాగం ఎగిరిపోతుంది, కొంత లోహంతో చర్య జరిపి ఖర్చవుతుంది, మిగిలింది రెసిన్ లోపల చిక్కుకుపోతుంది. ఆ వేడి తగలని ఫ్లక్స్ సీసాలో ఉన్నప్పటి ఆమ్లాన్ని దాదాపు అలాగే మోస్తుంది. డేటాషీట్‌లో ఉన్న పాస్ రిజల్టు వేడి పూర్తిగా తగిలిన ఫ్లక్స్‌ది. ప్యాలెట్ కింద దాక్కున్న ఫ్లక్స్‌ది కాదు.

ఆ చోటు నుంచి మాత్రమే కొంచెం ద్రవంతో అయాన్లు లాగి, ఏ అయాన్ ఎంతుందో విడదీసి చూపే క్రోమటోగ్రఫీకి పంపాం. అడిపిక్, గ్లుటారిక్ రెండూ బోర్డు మిగతా భాగం కంటే చాలా ఎక్కువగా ఉన్నాయి. సముద్రపు ఉప్పు వచ్చి ఉంటుందేమోనని నాకు అనుమానం ఉండేది, కానీ క్లోరైడ్ చెప్పుకోదగినంత లేదు. పెట్టె ఉప్పు ధూళిని బయటే ఆపింది, నీటి ఆవిరిని ఆపలేదు.

ఇదే బోర్డు ఫ్యాక్టరీలో రోజ్ టెస్టు పాసై వచ్చింది. మొత్తం బోర్డును ద్రావణంలో ముంచి, వచ్చిన అయాన్లను మొత్తం వైశాల్యంతో భాగించే పద్ధతి అది. చదరపు సెంటీమీటరుకు 1.56 మైక్రోగ్రాముల సోడియం క్లోరైడ్‌కు సమానం అన్న గీత 1970ల నాటిది, రోసిన్ (పైన్ చెట్టు జిగురు) ఫ్లక్స్‌ను కడిగేసే రోజులది. గోరంత చోటున్న మరకను అరచేయంత బోర్డుకు పంచితే ఏ మరకైనా పాసవుతుంది. సోల్డరింగ్ పనికి ప్రామాణికమైన జె-ఎస్‌టీడీ-001జీకి 2018లో వచ్చిన సవరణ ఆ ఒక్క అంకెతో శుభ్రతను తేల్చే పద్ధతిని పక్కన పెట్టింది. చాలా ఫ్యాక్టరీల గోడల మీద ఆ అంకె ఇంకా వేలాడుతూనే ఉంది.

85 కంటే 40 కఠినం

తయారీ సంస్థ క్వాలిటీ మేనేజరు మీటింగులో ఒక ఫైలు ముందు పెట్టారు. "ఈ ఫ్లక్స్‌ను మేం 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 168 గంటలు పెట్టాం సార్. పాసైంది. పొలంలో 85 డిగ్రీలు ఎక్కడొస్తాయి?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఎక్కువ వేడిలో నిలబడింది తక్కువ వేడిలో నిలబడదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కేసు మొత్తంలో నాకు ముఖ్యమైన చోటు ఇదే.

మూడు రకాల కూపన్లు చేశాం. ఒకటి, ఫ్లక్స్ రాసి వేవ్ మీదుగా పూర్తిగా పంపింది. రెండు, ఫ్లక్స్ రాసి ప్రీహీట్ మాత్రమే ఇచ్చింది. మూడు, ఫ్లక్స్ రాసి గదిలో ఆరబెట్టింది. వీటికి తోడు ఏమీ రాయని ఖాళీ కూపన్. వేడినీ తేమనూ అదుపు చేసే ఛాంబర్‌లో సగం కూపన్లు 85 డిగ్రీలు 85 శాతంలోకి (85/85), సగం 40 డిగ్రీలు 90 శాతంలోకి (40/90) వెళ్లాయి.

85/85లో ఏ వేడీ తగలని మూడో రకం మొదటి రోజు 10 మెగాఓమ్‌ల దగ్గర ఉంది. ఆ తర్వాత దానంతటదే పైకి లేచింది. 96 గంటలకు గీత దాటింది, 168 గంటలకు ఇంకా పైనుంది. పాత పద్ధతిలో లెక్కలోకి వచ్చేవి 96, 168 గంటల కొలతలే. కాబట్టి పాస్! చెడ్డ కూపన్‌ను ఛాంబరే నాలుగు రోజులు కాల్చి మంచి కూపన్‌గా మార్చి మన చేతికిచ్చింది. 85 డిగ్రీల దగ్గర ఈ చిన్న ఆమ్లాలు మెల్లమెల్లగా ఆవిరైపోతాయి. అంతేకాదు, రోసిన్ 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి అవశేషం రూపమే మారిపోతుంది. పొలంలో ఎన్నడూ ఉండని అవశేషాన్ని తయారుచేసి, దాన్ని పరీక్షించినట్టయింది.

40/90లో ఆమ్లం ఎక్కడికీ పోదు. నీళ్లు వచ్చి కూర్చుంటాయి. మూడో రకం కొన్ని గంటల్లోనే 10 మెగాఓమ్‌ల కిందికి దిగింది, మూడో రోజుకు ట్రాకుల మధ్య డెండ్రైట్లు మొలిచాయి. పాజిటివ్ వైపు కరిగిన లోహం నెగెటివ్ వైపు చేరి అక్కడి నుంచి చెట్టు వేళ్లలా వెనక్కి పాకుతుంది. ప్రీహీట్ మాత్రమే తగిలిన రెండో రకం గీత మీదే ఊగిసలాడింది. పూర్తిగా వేవ్ తగిలింది వెయ్యి మెగాఓమ్‌ల పైన కదలకుండా ఉంది. అంటే ఫ్లక్స్ మంచిదే. సరఫరాదారు తప్పేమీ లేదు.

2008లో వచ్చిన ఫ్లక్స్ ప్రమాణం జె-ఎస్‌టీడీ-004బీ వర్గీకరణకు 40/90ను తీసుకోవడం వెనక ఉన్న కారణాల్లో ఇది ప్రధానమైనది. మిల్లీమీటరుకు 25 వోల్టులు, అంటే 0.5 మి.మీ. ఖాళీకి 12.5 వోల్టులు పెట్టి, ప్రతి 20 నిమిషాలకు కొలుస్తూ ఉండాలి. రోజుకొక్కసారి కొలిస్తే డెండ్రైట్ రాత్రి మొలిచి, తెల్లారేసరికి కరెంటుకు కాలిపోయి, కొలతలో కనబడకుండా పోవచ్చు. అందుకే ప్రతి ఛానల్‌లో 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టి కరెంటును కట్టడి చేస్తారు. డెండ్రైట్‌ను బతికించి చూపించడానికే అది.

ఛాంబర్ చేసిన అన్యాయం

పైన చెప్పిన 40/90 ఫలితం మేం రెండోసారి చేసింది. మొదటిసారి అన్ని కూపన్లూ ఫెయిలయ్యాయి, ఖాళీ కూపన్‌తో సహా. ఖాళీ కూపన్ లేకపోతే మేం ఆ రిపోర్టును నమ్మి పంపేసేవాళ్లం. ఒక మంచి ఫ్లక్స్‌ను అన్యాయంగా తీసేయించేవాళ్లం. తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

40 డిగ్రీలు, 90 శాతం గాలికి డ్యూ పాయింట్, అంటే ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత, 38 డిగ్రీలు. కూపన్ చుట్టూ గాలి కంటే రెండు డిగ్రీలు చల్లగా ఉంటే చాలు, దాని మీద నీటి బొట్లు కడతాయి. మా ఆపరేటరు వేడినీ తేమనూ ఒకేసారి పెంచాడు. గాలి వెంటనే వేడెక్కింది, కూపన్లు, వాటిని పట్టుకున్న బరువైన ఫిక్చర్ వెనకబడ్డాయి. వాటి మీద నీళ్లు కట్టాయి. దానికి తోడు రెండో రోజు తలుపు తెరిచి చూశారు, పైకప్పు నుంచి చుక్కలు రాలాయి.

రెండోసారి ముందు తక్కువ తేమలోనే వేడి పెంచి, కూపన్లకు అతికించిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) 40 దగ్గర నిలబడ్డాకే తేమ ఎక్కించాం. కూపన్లను నిలువుగా, గాలి వాటి మధ్య నుంచి పోయేలా పెట్టాం. పైన వాలు రేకు కట్టాం. నీటి ట్యాంకులో డీఅయనైజ్డ్ నీళ్లు మార్చాం. వైర్లను టెఫ్లాన్ తొడుగున్నవి వేశాం, ఎందుకంటే మామూలు వైరు తొడుగే తేమకు లీకై కూపన్ మీద నేరం మోపుతుంది. తలుపు వారం దాకా తెరవలేదు.

పొలంలో తెల్లవారుజాము

కూపన్ల ఫలితంతో సగం కథే తెలిసింది. పొలంలో పెట్టెలోపల ఏం జరుగుతోందో చూడటానికి రెండు పెట్టెల్లో వేడినీ తేమనూ రాసిపెట్టే చిన్న లాగర్లు పెట్టించాం. చలికాలం, మబ్బు లేని రాత్రులు. పగలు ఎండకు పెట్టెలో గాలి 50 డిగ్రీలు దాటి, వ్యాకోచించి కేబుల్ గ్లాండ్ సందుల్లోంచి బయటికి పోతోంది. రాత్రి పెట్టె చల్లబడి పొలం మీది తడిగాలిని లోపలికి పీల్చుకుంటోంది. పెట్టె ఊపిరి తీస్తోంది. రేకు ఆకాశానికి వేడిని వదిలేస్తూ గాలి కంటే కూడా చల్లబడుతోంది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాటేదాకా లోపల తేమ 95 శాతం పైనే.

గ్లుటారిక్ ఆమ్లం గది ఉష్ణోగ్రతలో 84 శాతం తేమ దగ్గరే నీటిని లాక్కొని కరిగిపోతుంది. అడిపిక్ అలా కాదు, దాదాపు నీళ్లు కట్టే స్థితి వస్తే తప్ప కరగదు. రెండూ కలిసి ఉంటే కరిగే గీత విడివిడిగా ఉన్నప్పటికంటే కిందికి దిగుతుంది. లాగర్ గీతను ఈ అంకెల పక్కన పెట్టినప్పుడు బోర్డు మీద ప్రతి రాత్రీ మరక ద్రావణంగా మారుతోందని అర్థమైంది.

రాత్రంతా ప్యానెళ్లలో కరెంటు ఉండదు. బోర్డు తడిసినా నష్టం లేదు. సూర్యుడు పొడవగానే ప్యానెళ్లు వందల వోల్టులిస్తాయి. పెట్టె వేడెక్కి ఆరడానికి మాత్రం ఇంకా గంటా రెండు గంటలు పడుతుంది. బోర్డు అన్నిటికంటే తడిగా ఉన్న గంటలోనే దానికి నిండు వోల్టేజీ అందుతోంది. ఒక్కో రెసిస్టర్ మీద 150 వోల్టులు, ప్యాడ్ల మధ్య సుమారు 1.8 మి.మీ.. మిల్లీమీటరుకు 80 వోల్టులకు పైగా, అంటే ప్రామాణిక పరీక్షకు మూడు రెట్లు. ఫీల్డ్ బోర్డుల్లో డెండ్రైట్లు దొరకకపోవడానికి కారణం కూడా ఈ గంటలే అనుకుంటున్నాను. మొలవడం మొదలయ్యేలోపే బోర్డు ఆరిపోతోంది.

ఈ పరిస్థితిని ఏ స్టాండర్డూ అచ్చంగా చెప్పదు కాబట్టి మేమే ఒక పరీక్ష కట్టుకున్నాం. ఛాంబర్‌లో 25 డిగ్రీలు, 85 శాతం. డ్యూ పాయింట్ 22 డిగ్రీలు దాటి ఉంటుంది. బోర్డు వెనక చల్లటి నీళ్లు తిరిగే అల్యూమినియం పలక పెట్టి బోర్డును 20కి దించాం, మంచు పట్టనిచ్చాం, అప్పుడు 600 వోల్టులు ఇచ్చాం. కడిగిన బోర్డు కూడా మంచుకు కొంత లీకైంది, కానీ పదుల మెగాఓమ్‌ల దగ్గరే ఆగింది, ట్రిప్ కాలేదు. మరక ఉన్న బోర్డు 2 మెగాఓమ్‌ల కిందికి పడి, డిస్‌ప్లేలో వోల్టేజీ ఎగబాకి, ట్రిప్ అయింది. చల్లటి నీళ్లు ఆపేసి బోర్డును ఆరనిస్తే బాగైంది. ల్యాబ్‌లో ఆ ఎర్ర లైటు వెలిగినప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను.

ఏం మార్చాం, దేనికి ఒప్పుకోలేదు

"పైన కన్‌ఫార్మల్ కోటింగ్ కొట్టేద్దాం" అని, అంటే బోర్డు మీద పల్చని రక్షణ పూత వేద్దామని, తయారీ సంస్థవాళ్లు గట్టిగానే అడిగారు. నేను ఒప్పుకోలేదు. కోటింగ్ నీటిని ఆపుతుంది కానీ ఆవిరిని పూర్తిగా ఆపదు. కింద ఆమ్లం మరక ఉంటే ఆవిరి అక్కడికే చేరి, కరిగి, ఆ ఒత్తిడికి కోటింగ్‌ను బొబ్బలా లేపుతుంది. మాటతో ఒప్పించడం కష్టమని మరక మీద అక్రిలిక్ కొట్టిన కూపన్లను 40/90లో పెట్టి ఆ బొబ్బలను చూపించాం. తర్వాత ఎవరూ అడగలేదు.

అరిగిన ప్యాలెట్లు తీసేశారు. ప్యాలెట్ అంచును ఇన్ని సైకిళ్లకొకసారి కొలవాలని నియమం పెట్టారు. స్ప్రే ఫ్లక్స్ పరిమాణం అవసరానికి మించి ఉందని తేలి తగ్గించారు. తర్వాతి బోర్డు రివిజన్‌లో డివైడర్‌ను కనెక్టరుకు దూరంగా జరిపారు. పెట్టెకు గాలి పోయి, నీరు రాని వెంట్ బిగించారు. ట్రిప్ పరిమితి పెంచే సాఫ్ట్‌వేర్ మాత్రం విడుదల కాలేదు. నిజంగా వోల్టేజీ ఎక్కువైన రోజు అది పంపునే కాల్చేసేది.

కొనుగోలు స్పెసిఫికేషన్‌లో నా మాట మీద ఒక వాక్యం చేర్చారు: ఫ్లక్స్‌ను పూర్తిగా వేడి తగిలిన స్థితిలోనూ, ప్రీహీట్ మాత్రమే తగిలిన స్థితిలోనూ 40/90లో పరీక్షించాలి. రెండో స్థితి ఏ సరఫరాదారుకూ నచ్చదు. ఎందుకు అడుగుతున్నామో చెప్పాక కొందరు ఒప్పుకున్నారు.

మరుసటి జనవరిలో నేనే ఆ ఊరెళ్లాను. ఐదున్నరకు పెట్టె రేకు మీద మంచు నీళ్లై కారుతోంది. కొత్త బోర్డున్న పంపు ఎండ పడగానే ఎక్కింది. డిస్‌ప్లేలో 604, నా మీటరులో 602. పక్క పొలంలో పాత విడత బోర్డున్న పెట్టె 6:40కి ట్రిప్ అయింది. రైతు తొమ్మిది దాకా ఆగమన్నాడు, ఆగాం, 9:05కి ఎక్కింది. మర్నాడు అదే సమయానికి మళ్లీ వెళ్లి, సప్లై విడదీసి, లోపలి చార్జి దిగిపోయిందని మీటరుతో చూసుకొని, తడి ఆరకముందే బోర్డును అంచుల దగ్గర పట్టుకొని తీసి కవర్లో మూసేశాం. దాని మీద బ్రష్ గానీ వేలు గానీ పెట్టనివ్వలేదు.